పేర్లు ఎక్కువ, చోట్లు తక్కువ: బాల్టిమోర్ ఓరియోల్స్ కుర్రాళ్ల మీద ఒక కేస్ స్టడీ

2023 అక్టోబర్ 10 రాత్రి టెక్సాస్ రేంజర్స్ చేతిలో వరసగా మూడో మ్యాచ్ ఓడి అమెరికా బేస్‌బాల్ జట్టు బాల్టిమోర్ ఓరియోల్స్ ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) నుంచి ఇంటిదారి పట్టింది. ఆ సీజన్‌లో 162 మ్యాచ్‌లకు 101 గెలిచిన జట్టు అది. ఆ వారంలోనే ఒక ఏజెంట్ మా ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఆయన దగ్గర ఒక సెకండ్ బేస్‌మన్ ఉన్నాడు. పెద్ద జట్టుకి కింద ఉండే మైనర్ లీగ్‌ల్లో ఏళ్ల తరబడి ఆడి, ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుతోనైనా సంతకం చేయగలవాడు, అవుతున్న కుర్రాడు. "ఏ జట్టుకి వెళ్తే మావాడికి పైకి దారి దొరుకుతుంది? ఏ జట్టు జోలికి అసలు పోకూడదు?" అని అడిగాడు.

మా పని ఇదే. ఒక జట్టులో ఏ పొజిషన్‌లో ఎవరున్నారు, వాళ్ల వెనక ఎవరున్నారు, ఆ వెనకవాళ్లు ఎప్పటికి తయారవుతారు అన్నది కాగితం మీద పెట్టి ఇస్తాం. ముప్ఫై జట్లలో "దారి లేదు" అని నేను మొట్టమొదట రాసింది ఓరియోల్స్ పేరే.

ఆ నివేదికలో కొంత నిలబడింది, కొంత నిలబడలేదు. రెండేళ్లు తిరిగేసరికి అదే జట్టు 75 గెలిచి, 87 ఓడి, డివిజన్‌లో అట్టడుగున తేలింది. అంత ప్రతిభ చేతిలో ఉండి అక్కడిదాకా ఎలా వచ్చిందో, నా కాగితంలో ఏ గడి తప్పుగా నింపానో రాస్తున్నాను. పిల్లల్ని బేస్‌బాల్‌లో చేర్పించిన ఇక్కడి అమెరికా తెలుగువాళ్లు, ఆటల డేటా ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్న మన కుర్రాళ్లు ఈ మధ్య చాలామంది ఈ పని గురించి అడుగుతున్నారు. అందుకే ఆట గురించి కూడా కాస్త విడమరిచి చెప్తాను.

చేతిలోకి వచ్చిన పేర్లు

2018లో ఓరియోల్స్ 47 గెలిచి 115 ఓడింది. ఆ జులైలో జట్టులోకెల్లా పెద్ద పేరు మ్యానీ మచాడోను లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కి ఇచ్చేసి, బదులుగా ఐదుగురు కుర్రాళ్లను తెచ్చుకున్నారు. నవంబరులో హ్యూస్టన్ ఆస్ట్రోస్ నుంచి మైక్ ఎలియాస్ జనరల్ మేనేజర్‌గా వచ్చాడు. లెక్కలు చూసుకునే సిగ్ మెజ్డాల్ కూడా అక్కణ్నుంచే ఆయన వెంట వచ్చాడు. మెజ్డాల్ ఒకప్పుడు నాసాలో ఇంజినీరు.

తర్వాతి ఏడాది 108 ఓటములు. 2021లో 110. కొత్త కుర్రాళ్లను జట్లు ఒకదాని తర్వాత ఒకటి ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఓడిన జట్టుకి ముందు వరస దక్కేది కాబట్టి ఆ ఓటముల బదులుగా కుర్రాళ్లు వచ్చారు. 2019లో దేశం మొత్తం మీద మొదటి పిక్‌గా క్యాచర్ (క్రికెట్‌లో కీపర్ లాంటివాడు) అడ్లీ రచ్‌మన్, అదే డ్రాఫ్ట్‌లో 42వ పిక్‌గా అలబామా హైస్కూలు కుర్రాడు గన్నర్ హెండర్సన్. నాలుగో రౌండ్‌లో షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడేవాడు) జోయీ ఓర్టిజ్. 2020లో హెస్టన్ కెర్స్టాడ్, జోర్డన్ వెస్ట్‌బర్గ్, కోబీ మేయో. 2021లో కోల్టన్ కౌజర్, కానర్ నోర్బీ. 2022లో మళ్లీ మొదటి పిక్, జాక్సన్ హాలిడే. డ్రాఫ్ట్‌తో సంబంధం లేకుండా డొమినికన్ రిపబ్లిక్ నుంచి 2021 జనవరిలో శామ్యూల్ బసాయో అనే పదహారేళ్ల క్యాచర్‌ను కూడా తెచ్చుకున్నారు.

ఈ పేర్లన్నిటిలో పిచర్, అంటే బంతి వేసేవాడు, ఒక్కడూ లేడు. అది అనుకోకుండా జరిగింది కాదని నా అభిప్రాయం. హ్యూస్టన్‌లో ఎలియాస్ స్కౌటింగ్ చూస్తున్న రోజుల్లో 2013లో మొదటి పిక్‌తో మార్క్ ఆపెల్ అనే పిచర్‌ను తీసుకున్నారు. అతను ఆస్ట్రోస్ పెద్ద జట్టుకి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2014లో మళ్లీ మొదటి పిక్, మళ్లీ పిచర్, బ్రేడీ ఐకెన్. మోచేతి పరీక్షల దగ్గర పేచీ వచ్చి ఒప్పందమే కుదరలేదు. పదిహేడేళ్ల కుర్రాడి మోచేయి ఇరవై మూడేళ్లకు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. బ్యాట్ పట్టేవాడి విషయంలో అంచనా కొంత మెరుగ్గా పనిచేస్తుంది. అందుకే పై పిక్కులన్నీ బ్యాటర్ల మీద పెట్టి, పిచర్లను ఇచ్చిపుచ్చుకోవడాల్లో ఏరుకున్నారు. డీన్ క్రీమర్ మచాడో బేరంలో వచ్చాడు. కైల్ బ్రాడిష్ డిలన్ బండీ అనే పిచర్‌ను ఇచ్చేసిన బేరంలో వచ్చాడు. టైలర్ వెల్స్ రూల్ 5 డ్రాఫ్ట్‌లో, అంటే వేరే జట్లు మైనర్ లీగ్‌ల్లో ఉంచేసిన కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతిలో, మిన్నెసోటా నుంచి వచ్చాడు.

బేస్‌బాల్ అమెరికా పత్రిక దేశంలోకెల్లా ఉత్తమ ప్రాస్పెక్ట్‌గా (పైకి రాబోయే కుర్రాడిగా) 2022లో రచ్‌మన్‌ను, 2023లో హెండర్సన్‌ను, 2024లో హాలిడేను పెట్టింది. ముగ్గురూ ఒకే జట్టు కుర్రాళ్లు. నేను నివేదిక రాసేనాటికి నార్‌ఫోక్‌లో ఆడే వాళ్ల ట్రిపుల్-ఎ జట్టు (మైనర్ లీగ్‌ల్లో పైమెట్టు) కూడా అప్పుడే జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచి ఉంది. మా ఆఫీసులో ఇంటర్న్‌గా ఉన్న కరీంనగర్ అమ్మాయి ఈ పట్టికలన్నీ ఒకచోట పేర్చి నా ముందు పెట్టింది. "అన్నా, ఇంతమంది లైన్‌లో ఉంటే వీళ్లకిక పదేళ్లు ఢోకా ఏముంది?" అంది. ఆ మాటలో తప్పేం లేదు. నేనూ దాదాపు అలాగే అనుకున్నాను.

గడులు నింపే పద్ధతి

స్కౌట్లు ఆటగాళ్లకు 20 నుంచి 80 వరకు మార్కులేస్తారు. 50 అంటే మేజర్ లీగ్‌లో సగటు. బ్యాటింగ్, పవర్, పరుగు, ఫీల్డింగ్, చేతి బలం, ఒక్కోదానికి ఒక్కో అంకె. ఆ అంకె కుర్రాడి గురించి చెప్తుంది గానీ జట్టు గురించి చెప్పదు. జట్టు సంగతి తెలియాలంటే పొజిషన్ల పట్టిక గీయాలి.

నా పట్టికలో ఒక్కో పొజిషన్‌కి మూడు గడులు. ఫలానావాడికి రేపు పొద్దున దెబ్బ తగిలితే సాయంత్రం మ్యాచ్‌లో ఆ చోట నిలబడగలిగినవాడు మొదటి గడిలో. ఏడాదిలో తయారయ్యేవాడు రెండో గడిలో. ఆపైన పట్టేవాడు మూడో గడిలో. దీనికి ఒక నియమం ఉంది, అదొక్కటీ చాలా కచ్చితంగా పాటిస్తాను: ఒక మనిషి పేరు ఒక్క గడిలోనే రాయాలి. మన దగ్గర ఐపీఎల్ జట్ల గురించి మాట్లాడేటప్పుడు కూడా "వీడు ఓపెనింగూ చేస్తాడు, కీపింగూ చేస్తాడు, ఫినిషరూ అవుతాడు" అని ఒకే మనిషిని మూడు చోట్ల లెక్కపెట్టి, బెంచ్ స్ట్రెంత్ బ్రహ్మాండం అంటుంటాం. మ్యాచ్ రోజున ఆ మనిషి ఒక్క చోటే ఉంటాడు.

మొదటి గడికీ రెండో గడికీ మధ్య గీత పట్టికలు చూస్తే తెలియదు, గ్రౌండ్‌కి వెళ్లి చూడాలి. ఓరియోల్స్ డబుల్-ఎ జట్టు (ట్రిపుల్-ఎకి కిందిమెట్టు) మా ఇంటికి దగ్గర్లోనే మేరీలాండ్‌లోని బోవీలో ఆడుతుంది. ఒక సాయంత్రం అక్కడ హోమ్‌ప్లేట్ వెనక నాలుగో వరసలో కూర్చుని ఇద్దరు క్యాచర్లను స్టాప్‌వాచ్‌తో కొలిచాను. బంతి క్యాచర్ గ్లవ్‌లో 'టప్' మన్నప్పుడు బటన్ నొక్కాలి. అతను లేచి విసిరిన బంతి సెకండ్ బేస్ దగ్గరి గ్లవ్‌లో పడ్డప్పుడు ఆపాలి. మేజర్ లీగ్‌లో రెండు సెకన్లు సగటు. ఇన్నింగ్స్‌కి ముందు వార్మప్‌లో మొదటి కుర్రాడు 1.9 దగ్గర విసిరాడు. నా పక్కన కూర్చున్న పెద్ద వయసు స్కౌట్ పెన్ను తియ్యలేదు. ఐదో ఇన్నింగ్స్‌లో ఫస్ట్ బేస్ మీదున్న రన్నర్ సెకండ్ బేస్ దొంగిలించడానికి నిజంగా పరుగెత్తాడు. బంతి కొంచెం తక్కువ ఎత్తులో, బయటివైపు వచ్చింది. కుర్రాడు గ్లవ్ నుంచి బంతి తీయడంలో ఒకసారి తడబడి, పాదం సర్దుకుని విసిరేసరికి నా వాచ్ 2.15 చూపించింది. అప్పుడు ఆ స్కౌట్ పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. మార్కుల కాగితంలో అతని చేతి బలం 60 ఉండొచ్చు. నా పట్టికలో మాత్రం అతను మొదటి గడి కాదు, రెండోది.

ఇలాంటి సాయంత్రాలు పది గడిస్తే గానీ ఒక గడి నిండదు.

మూడు చోట్లు, ఎనిమిది పేర్లు

ఇక ఏజెంట్ అడిగిన విషయం. 2023 అక్టోబరులో సెకండ్ బేస్, షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్, ఈ మూడు చోట్లకి ఓరియోల్స్ దగ్గర నేను లెక్కపెట్టిన పేర్లు ఎనిమిది: హెండర్సన్, వెస్ట్‌బర్గ్, రామోన్ ఉరియాస్, హోర్హే మతేయో, ఓర్టిజ్, నోర్బీ, మేయో, హాలిడే. హెండర్సన్ ఆ ఏడాది అమెరికన్ లీగ్ రూకీ (ఉత్తమ కొత్త ఆటగాడు) అవార్డుని ఓటర్లందరి ఏకగ్రీవంతో గెలవబోతున్నాడు. హాలిడే ఒక్క 2023లోనే కిందిమెట్టు నుంచి నాలుగు మెట్లూ ఎక్కి ట్రిపుల్-ఎ దాకా వచ్చేశాడు, ఇంకా ఇరవై నిండకుండానే. ఇంతమంది మధ్య మన కుర్రాడికి చోటెక్కడ? "ఈ సంస్థ వద్దు" అని రాశాను. ఏజెంట్ ఆ సలహా విన్నాడు. కుర్రాడు వేరే జట్టుకి సంతకం చేశాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో తేదీలతో చెప్తాను. 2024 ఫిబ్రవరి 1న ఓర్టిజ్‌ను, పిచర్ డీఎల్ హాల్‌ను, ఒక డ్రాఫ్ట్ పిక్‌ను మిల్వాకీకి ఇచ్చి కార్బిన్ బర్న్స్‌ను తెచ్చుకున్నారు. మంచి బేరమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. ఏప్రిల్ 10న హాలిడే పెద్ద జట్టులోకి వచ్చాడు. పది మ్యాచ్‌ల్లో 34 ప్రయత్నాల్లో రెండే హిట్లు, 18 స్ట్రైక్‌ఔట్లు (బంతి కొట్టలేక ఔటవడం). మళ్లీ నార్‌ఫోక్‌కి పంపారు. జులై చివర్లో మతేయో మోచేతి గాయంతో సీజన్‌కి దూరమయ్యాడు. జులై 30న నోర్బీని, ఔట్‌ఫీల్డర్ కైల్ స్టౌవర్స్‌ను మయామికి ఇచ్చి ట్రెవర్ రోజర్స్ అనే పిచర్‌ను తీసుకున్నారు. మర్నాడే, జులై 31న, వెస్ట్‌బర్గ్ చేతికి పిచ్ తగిలి ఎముక విరిగింది. అదే రోజు హాలిడే తిరిగొచ్చి గ్రాండ్ స్లామ్ (ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు) కొట్టాడు కాబట్టి అభిమానులకు ఆ రాత్రి పండగలాగే ఉంది. నేను మాత్రం ఆ రాత్రి పట్టిక తెరిచి నోర్బీ పేరు ఉన్న గడి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నిన్నటిదాకా సెకండ్ బేస్‌లో నిలబడగలిగిన కుర్రాడు ఇవాళ లేడు, ఇవాళే అవసరం వచ్చింది.

ఆగస్టులో మేయోకి అవకాశమిచ్చారు. ఆ ఏడాది అతను 41 ప్రయత్నాల్లో నాలుగు హిట్లే కొట్టగలిగాడు. ఆగస్టు నెలాఖరుకి ఉరియాస్ చీలమండ బెణికింది. వేరే జట్టు వదిలేసిన ఇమాన్యుయెల్ రివెరా అనే థర్డ్ బేస్‌మన్‌ను ఆ నెలలోనే తెచ్చుకుని ఉన్నారు, ఇక అతన్నే ఆడించాల్సి వచ్చింది. పదినెలల కిందట "మూడు చోట్లకి ఎనిమిదిమంది" అని నేను రాసిన జట్టు అది.

నా తప్పు ఎక్కడ? ఎనిమిది పేర్లూ నిజమే. కానీ మొదటి గడిలో నలుగురే ఉన్నారు: హెండర్సన్, వెస్ట్‌బర్గ్, ఉరియాస్, మతేయో. ఓర్టిజ్, నోర్బీలు కూడా దాదాపు తయారే, కానీ వాళ్లు బేరానికి పెట్టిన సరుకు. ఎప్పుడు పోతారన్న తేదీ తప్ప ఇంకేం తేలాల్సింది లేదు. హాలిడే, మేయోలను నేను మొదటి గడికి దగ్గరగా రాశాను. వాళ్లు రెండో గడి మనుషులు. పట్టికలో పై ర్యాంకు చూసి చెయ్యి జారింది. ఇరవై ఏళ్ల కుర్రాడి మీద దేశంలో నంబర్ వన్ అనే ముద్ర ఉంటే, అతను రేపే తయారని నమ్మేయడం చాలా తేలిక.

ఆ ఏజెంట్‌కి 2024 సెప్టెంబరులో నేనే ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. ఆ కుర్రాడు ఓరియోల్స్‌లో ఉండుంటే ఆగస్టులో పిలుపు వచ్చేదని ఖాయంగా అనలేను. రాకపోవచ్చు కూడా. కానీ "దారి లేదు" అని రాసే హక్కు నాకు లేదు.

కాడికి రెండూ దాపటి ఎద్దులే

ఈ ఫైల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే భాగం ఔట్‌ఫీల్డ్. ఎందుకంటే ఇది కాగితం మీద కళ్లముందే ఉంది.

బ్యాటర్ ఏ చేతివాటం అన్నది బేస్‌బాల్‌లో క్రికెట్ కంటే చాలా పెద్ద విషయం. ఎడమచేతి పిచర్ వేసే వంపు బంతి ఎడమచేతి బ్యాటర్ నుంచి దూరంగా జారిపోతుంది. అందుకే ఎదురు చేతి పిచర్ మీద ఆడినంత ధీమాగా సొంత చేతి పిచర్ మీద చాలామంది ఆడలేరు. ఇక అప్పటి ఓరియోల్స్ వరస చూడండి. కౌజర్ ఎడమ. కెర్స్టాడ్ ఎడమ. స్టౌవర్స్ ఎడమ. అప్పట్లో మైనర్ లీగ్‌ల్లో వెనకే వస్తున్న డిలన్ బీవర్స్, ఎన్రిక్ బ్రాడ్‌ఫీల్డ్ ఇద్దరూ ఎడమే. అప్పటికే జట్టులో స్థిరపడిన సెడ్రిక్ మలిన్స్ ఎడమ, ర్యాన్ ఓహర్న్ ఎడమ. ఇన్‌ఫీల్డ్‌లో హెండర్సన్, హాలిడే ఎడమ. బసాయో కూడా ఎడమే.

మా తాతగారి ఊళ్లో ఎద్దుల జత కొనేటప్పుడు ఏది దాపటికి అలవాటు పడింది, ఏది వెలపటికి అలవాటు పడింది అని మొదట అడిగేవాళ్లు. రెండూ మంచి జాతి ఎద్దులే కావచ్చు. రెండూ దాపటివే అయితే కాడి సాగదు. ఈ జట్టు పట్టిక చూసిన ప్రతిసారీ నాకు ఆ సంత గుర్తొస్తుంది.

ఇలా అవడానికి కారణం స్టేడియంలో కూడా ఉంది. 2022 సీజన్‌కి ముందు ఓరియోల్స్ సొంత గ్రౌండ్ క్యామ్‌డెన్ యార్డ్స్‌లో ఎడమవైపు గోడను వెనక్కి జరిపి, సుమారు ఏడడుగుల ఎత్తుని పదమూడు అడుగులు చేశారు. ఆ వైపు హోమ్ రన్లు కొట్టేది ఎక్కువగా కుడిచేతి బ్యాటర్లు. వాళ్ల బంతులు గోడ దగ్గర చచ్చిపోవడం మొదలైంది. సొంత పిచర్లకు అది మేలే. కానీ ఎడమచేతి బ్యాటర్ల విలువ ఆ గ్రౌండ్‌లో ఇంకా పెరిగింది, ఎడమచేతివాళ్లే పోగయ్యారు. 2024 తర్వాత స్విచ్ హిట్టర్ (రెండు చేతివాటాలతోనూ ఆడేవాడు) ఆంటొనీ శాంటాండర్ టొరంటోకి వెళ్లిపోయాడు. యాజమాన్యానికి కూడా లోటు తెలిసింది. కుడిచేతి ఔట్‌ఫీల్డర్ టైలర్ ఓనీల్‌కి మూడేళ్లకు 4 కోట్ల 95 లక్షల డాలర్లు ఇచ్చారు, గోడను కూడా మళ్లీ ముందుకు తెచ్చారు. కానీ ఓనీల్ 2025లో 54 మ్యాచ్‌లే ఆడగలిగాడు. ఆ సీజన్ మొదటి నెలల్లో ఎడమచేతి పిచర్ ఎదురైతే చాలు, ఈ జట్టు బ్యాట్లు మూగబోయేవి.

అప్పట్నుంచి నా పట్టికలో ప్రతి పేరు పక్కనా ఎ, కు, రెం అని రాస్తున్నాను: ఎడమ, కుడి, రెండూ. ఇంత చిన్న మార్పు ముందే ఎందుకు చేయలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. చేతివాటం సమాచారం ఎప్పుడూ నా దగ్గరే ఉంది, వేరే ఫైల్లో. రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే.

పిచర్లు

బ్యాటర్ల గడులు నింపినట్టు పిచర్ల గడులు నింపకూడదు. ఐదుగురు స్టార్టర్లు (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు) కావాలంటే ఐదు పేర్లు, వెనక ఇంకో ఇద్దరు అని 2023లో నేనూ రాశాను. బ్రాడిష్, గ్రేసన్ రోడ్రిగెజ్, జాన్ మీన్స్, వెల్స్, క్రీమర్, వెనక హాల్ ఇంకా ఇతరులు. నిండుగానే కనిపించింది.

అసలు ఆ అక్టోబరులోనే ఒక హెచ్చరిక ఉంది. చివరి ఇన్నింగ్స్‌ల్లో ఎదురులేని ఫెలిక్స్ బటిస్టాకు మోచేతి లిగమెంట్ ఆపరేషన్ జరిగింది, అదే టామీ జాన్ సర్జరీ అంటారు. 2024 వేసవి మొదట్లో కొన్ని వారాల తేడాతో మీన్స్, వెల్స్, బ్రాడిష్ ముగ్గురికీ మోచేతి ఆపరేషన్లు. ఆగస్టులో రోడ్రిగెజ్ వీపు పక్క కండరం పట్టేసి సీజన్ ముగిసింది. నేను రాసిన ఐదుగురిలో ఏడాది చివరికి మిగిలింది క్రీమర్ ఒక్కడే.

అయినా బర్న్స్ పుణ్యమా అని 91 గెలిచి ప్లేఆఫ్స్‌కి వచ్చారు. క్యాన్సస్ సిటీ రాయల్స్‌తో మొదటి మ్యాచ్‌లో బర్న్స్ ఎనిమిది ఇన్నింగ్స్ దాటి వేసి ఒక్క పరుగే ఇచ్చాడు. 1-0తో ఓడిపోయారు. రెండో మ్యాచ్ 2-1. దేశంలోకెల్లా ఉత్తమ కుర్ర బ్యాటర్ల జట్టు రెండు మ్యాచ్‌ల్లో కలిపి చేసింది ఒక్క పరుగు. రెండు మ్యాచ్‌లను బట్టి ఒక జట్టు మీద తీర్పు చెప్పడం సరికాదు, నేను చెప్పను కూడా. కానీ బర్న్స్ ఆరేళ్లకు 21 కోట్ల డాలర్లతో అరిజోనాకు వెళ్లిపోయాక మిగిలిన గడి గురించి తీర్పు చెప్పొచ్చు. ఆ చోట 41 ఏళ్ల చార్లీ మోర్టన్‌ను, జపాన్ నుంచి 35 ఏళ్ల తొమొయుకి సుగానోను తెచ్చారు. రోడ్రిగెజ్ 2025లో పెద్ద జట్టుకి ఒక్క బంతి కూడా వేయలేకపోయాడు. మే 17న మేనేజర్ (క్రికెట్‌లో కోచ్ లాంటివాడు) బ్రాండన్ హైడ్‌ను తీసేశారు. జులైలో మలిన్స్, ఓహర్న్, ఉరియాస్ సహా చాలామందిని వేరే జట్లకు పంపేశారు.

ఇక్కడ నేను తొందరపడిన ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. రోజర్స్ కోసం నోర్బీ, స్టౌవర్స్‌లను ఇచ్చిన బేరాన్ని 2024 అక్టోబరులో నేను "పూర్తి నష్టం" అని రాశాను. అప్పటికి రోజర్స్ నాలుగు మ్యాచ్‌లు వేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఏడు పరుగులకు పైగా ఇచ్చి, నార్‌ఫోక్‌కి వెళ్లిపోయాడు. 2025లో అదే మనిషి 18 మ్యాచ్‌ల్లో సగటున తొమ్మిది ఇన్నింగ్స్‌కి 1.81 పరుగులే ఇచ్చాడు. మయామిలో స్టౌవర్స్ 25 హోమ్ రన్లు కొట్టి ఆల్-స్టార్ అయ్యాడు. రెండు జట్లకూ కావలసిందే దొరికింది. బాల్టిమోర్‌లో స్టౌవర్స్‌కి రోజూ ఆడే చోటు లేదు. మయామిలో ఉంది. ఆటగాడు అదే, చోటు మారింది.

ఇప్పుడు ఏ జట్టుకైనా ఐదుగురు స్టార్టర్ల కోసం తొమ్మిది పేర్లు మొదటి గడిలో ఉంటే గానీ "సరిపోతుంది" అని రాయను. అందులోనూ గత రెండేళ్లలో మోచేయి, భుజం గాయం అయినవాణ్ని సగం మనిషిగానే లెక్కేస్తాను. మానవత్వం లేని లెక్కలాగా వినిపిస్తుందని తెలుసు. అలా లెక్క వేయకపోతే ఇంకో ఇరవై రెండేళ్ల కుర్రాడి చేత అవసరానికి మించి వేయిస్తారు, ఆ చేయి కూడా పోతుంది.

క్యాచర్ల నెల

పూర్తిగా నిండుగా ఉందని నేను నూటికి నూరుపాళ్లు నమ్మిన గడి క్యాచర్‌ది. ముందు రచ్‌మన్, వెనక బసాయో. బేస్‌బాల్‌లో ఇంత మంచి జోడీ ఏ జట్టుకీ లేదని రాశాను.

2025 జూన్‌లో రచ్‌మన్‌కి పక్క కండరం పట్టేసింది. అతని చోట్లో వచ్చిన మావెరిక్ హాండ్లీకి ఢీకొట్టుకోవడంలో తల అదిరింది. గ్యారీ సాంచెజ్ మోకాలు దెబ్బతిన్నాడు. చాడ్విక్ ట్రాంప్‌ను తెచ్చారు, జేకబ్ స్టాలింగ్స్‌ను తెచ్చారు, అలెక్స్ జాక్సన్‌ను తెచ్చారు. కొన్ని వారాలపాటు వేరే జట్లు వదిలేసినవాళ్లతోనే ఆ చోటు గడిచింది. ఆ సమయమంతా బసాయో నార్‌ఫోక్‌లోనే ఉన్నాడు. ఇరవై ఏళ్లవాడు. బ్యాటింగ్‌కి ఎప్పుడో తయారు. కానీ క్యాచర్ అంటే బంతి పట్టడం ఒక్కటే కాదు. పదమూడుమంది పిచర్లలో ఎవరి బంతి ఎటు వంగుతుందో, ఎదుటి బ్యాటర్‌కి ఏది వేయించాలో క్షణంలో తేల్చాలి. ఏడాది కిందట మోచేతి ఎముకలో చీలిక వచ్చి కోలుకున్న కుర్రాణ్ని హడావుడిగా ఆ కుర్చీలో కూర్చోబెట్టలేదు. అది సరైన పనే. తప్పు నా పట్టికది. బసాయోను మొదటి గడిలో రాసింది నేను. ఇక్కడ కూడా అదే పొరపాటు, మార్కులు చూసి గడి నింపడం.

ఆగస్టు 17న అతన్ని పైకి తెచ్చారు. అదే వారంలో ఎనిమిదేళ్లకు 6 కోట్ల 70 లక్షల డాలర్లకు ఒప్పందం చేసుకున్నారు. 2025 సీజన్ ముగిసేసరికి బాల్టిమోర్ ముందున్న ప్రశ్న వేరు. రచ్‌మన్, బసాయో ఇద్దరూ క్యాచర్లే అయితే ఒకరు ఫస్ట్ బేస్‌కో, డీహెచ్‌కో (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే చోటు) వెళ్లాల్సి వచ్చేది. అలా వెళ్తే అప్పటికి ఫస్ట్ బేస్ ఆడుతున్న మేయో చోటు పోయేది. ఒక పేరు పక్కకు జరిగితే మూడు గడులు కదులుతాయి.

ఈ మధ్య మా ఇంటర్న్ అమ్మాయి ఉద్యోగంలో చేరాక మొదటి పట్టిక తనే గీసింది, వేరే జట్టుది. చూడమని పంపింది. కుర్రాళ్ల ర్యాంకులు ఎక్కడా రాయలేదు. ప్రతి పేరు పక్కన చేతివాటం, చివరి గాయం తేదీ, ఆ పొజిషన్‌లో గత నెలలో ఆడిన మ్యాచ్‌ల సంఖ్య ఉన్నాయి. షార్ట్‌స్టాప్ గడిలో ఒకే పేరు ఉంది, దాని పక్కన "అన్నా, ఇక్కడ ఇంకెవరూ లేరు, చూసి చెప్పండి" అని రాసింది. రెండు సాయంత్రాలు వాళ్ల డబుల్-ఎ, ట్రిపుల్-ఎ వీడియోలు చూశాను. ఆమె రాసింది నిజమే. ఆ గడిలో ఇంకో పేరు చేర్చకుండా అలాగే పంపించాం.